మోటారు మీద బ్లీచింగ్ నీళ్లు

నన్ను పనిచోట అందరూ 'నిదానం' అంటారు. వయసు నలభై ఒకటి. డబ్బాలకు మూతలు చేసే రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్ ఆపరేటర్‌ని. మెషీన్‌ను కావాలని పాడుచేశానని కంపెనీ మీ స్టేషన్‌లో నా మీద ఫిర్యాదు చేసింది. కావాలనే నీళ్లు పోశాను. పాడుచేయాలని కాదు.

నిన్న పొద్దున టీ విరామం అయ్యాక రేకు అంచు తగిలి నా ఎడమ అరచెయ్యి తెగింది. రక్తం మెషీన్ మీదంతా పడింది. పక్క ప్రెస్ మీద ఉన్న మా చెల్లెలి మొగుడు పరుగెత్తుకొచ్చి, "బావా, చెయ్యి ఇలా తే" అని పట్టుకున్నాడు. అతని వేళ్ల నిండా రేకు గీరిన గాయాలే. అతన్ని తోసేశాను. అయినా వినకుండా మెషీన్ తుడవబోయాడు. స్విచ్ ఆపి, నేల కడగడానికి కలిపి ఉంచిన బ్లీచింగ్ నీళ్లు మెషీన్ మీద కుమ్మరించాను. తర్వాత ఎవరో స్విచ్ వేశారు. మోటారు కాలిపోయింది.

నాకు హెచ్.ఐ.వి. ఉంది. మందులు వాడుతున్నాను.

ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతున్నారు. మాకు పని నేర్పిన మేస్త్రికీ ఇదే జబ్బు, ఆయన ముందే చెప్పాడు. మేనేజర్ ఆయన భుజం తట్టి, "నీకేం భయం లేదయ్యా, నువ్వు మా ఇంటి మనిషివి" అన్నాడు. సాయంత్రానికి మేస్త్రి గేటు బయట ఉన్నాడు. రక్తపరీక్షలు చేస్తారన్న పుకారుకే మరో ఇద్దరు చెయ్యి తిరిగిన ఆపరేటర్లు చెప్పాపెట్టకుండా మానేశారు. కొత్తవాళ్లు అచ్చులు విరగ్గొట్టారు, వంకర మూతలు గుట్టలు పడ్డాయి, ఆర్డర్లు చేజారాయి. మిగిలిన పనంతా నా నెత్తిన పడింది. రెండు షిఫ్టులు చేసి, నిద్ర చాలక చెయ్యి కోసుకున్నాను.

నీళ్లెందుకు పోశావో చెబితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని మేనేజర్ ఇందాక వరండాలో బతిమాలాడు. నేను లేకపోతే ప్రెస్‌లు నడవవట. నేను నోరు విప్పలేదు. నాకు జైలుకన్నా ఆ గేటంటే భయం సార్. నిన్నా భయమే, ఇప్పుడూ భయమే.

ఇప్పుడు చెబుతున్నది కేసు కోసం కాదు. నా రక్తం మా బావమరిది వేళ్లకు అంటింది. నేను మందులు వాడుతున్నాను గనక ప్రమాదం తక్కువేనట, కానీ ఇలాంటప్పుడు రక్తం తగిలినవాళ్లకు మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టించాలని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఒక రోజు అప్పుడే గడిచిపోయింది. రాత్రి చెల్లెలింటి దాకా వెళ్లి, గుమ్మంలోంచే వెనక్కి వచ్చేశాను.

మీరు రాసింది చదివి వినిపించారు. అంతా నేను చెప్పిందే, అంతా నిజమే. మా బావమరిది బయట బెంచీ మీద మేనేజర్ పక్కనే కూర్చున్నాడు. లోపలికి పిలవండి సార్, నేనే చెబుతాను. మేనేజర్ విన్నా సరే. ఆ తర్వాత సంతకం పెడతాను.

(సంతకం)