ఇంటి డాక్టరమ్మ

సిద్దిపేటలో ఒక ప్రైవేటు దవాఖాన. వార్డు బయటి బెంచీ మీద పెంటవ్వ, హైదరాబాద్ ల్యాబు నుంచి ఉన్నపళంగా వచ్చిన ఆమె చెల్లెలి బిడ్డ దేవిక. లోపల మంచం మీద పెంటవ్వ పెనిమిటి సాంబయ్య.

“అయితే ఆ మందు తేలేదా బిడ్డా?”

“అది ఇంకా మందు కాలేదు పెద్దమ్మా.”

“ఇన్నేండ్ల సంది అదే చేస్తుంటివి గద?”

“చేస్తున్నం. గాజు గిన్నెలల్లనే చూసినం. ఎలుకలకు గూడ ఇయ్యలే. మనిషికెట్లిస్త?”

“రేపు కాలు తీసేస్తమంటున్రు. మోకాలు కిందికి.”

“తెల్సు.”

“షుగర్ పుండే గద! గిన్ని సూదులిచ్చినా ఎందుకు తగ్గుతలేదే?”

“పుండుల క్రిములు మొండివడ్డయి. ఎంజైమని ఒకటి తయారు చేస్కుంటయి. నువ్వు బీడీ ఆకు కోసే కత్తెర లెక్క. మందు పోంగనే ముక్కలు ముక్కలు చేస్తయి.”

“మరి నువ్వు చేసేది?”

“పోయి ఆ కత్తెర నడుమ ఇరుక్కుంటది. ఇగ కత్తెర ఆడదు. అప్పుడు అసలు మందు పనిచేస్తది.”

“నా బిడ్డ బంగారం! మీ పెద్దబాపు అందరికి చెప్పుకుంటడు.”

“పెద్దమ్మా, ఒక మాట—”

“ఛాయ్ తాగుతవా?”

“వద్దు. జెర ఇను. క్రిములు ఊకెనే మొండిగ కావు. గోలీలు రెండు దినాలు ఏస్కొని, తగ్గంగనే బంద్ చేస్తే, బలమున్నయి మిగుల్తయి.”

“మీ పెద్దబాపు గంతే. జెరం తగ్గితే గోలీ అవతల పారేస్తడు.”

“ఆ గోలీల పేర్లు ఎవలు చెప్పిన్రు?”

“గియన్ని ఇప్పుడెందుకు...”

“నేనే గద! జెరమొచ్చినా, దగ్గొచ్చినా నువ్వు ఫోన్ చేసుడు, నేను పేరు చెప్పుడు. ఈ పుండుకు గూడ.”

“ఇంట్ల డాక్టరమ్మ ఉండంగ బయటోళ్ల కాడికి ఎందుకు పోతం?”

“నేను రోగాలు చూసే డాక్టర్ను కాను! ఆ మాట మీకు చెప్పనే లేదు. మీరంతా డాక్టరమ్మా అంటుంటే మంచిగనిపించింది. సిగ్గులేక ఊకున్న.”

“ఏడ్వకు. లోపలికి ఇనవడ్తది.”

“ఆ కాలు నేనే పోగొట్టిన పెద్దమ్మా.”

“గట్లనకు. నీదేం తప్పు లేదు.”

“లేదు, డాక్టర్ కాడికి పోయి అంతా చెప్త. మీరు చేర్పిచ్చిననాడే అడిగుంటరు గద, ఇంతకుముందు ఏం గోలీలు ఏస్కున్నడని?”

“పోకు బిడ్డా, జెర కూసో.”

“పెద్దమ్మా?”

“అడిగిన్రు.”

“ఏం చెప్పినవ్?”

“నీ పేరు బయటికొస్తే నీ నౌకరికి ఏమన్న అయితదేమోనని...”

“ఏం చెప్పినవ్ పెద్దమ్మా?”

“గోలీ ముట్టని మనిషని చెప్పిన. నర్సు సూది మందు పేరు చెప్తే గుర్తువట్టిన బిడ్డా, నువ్వు ఫోన్ల చెప్పిన మందే. వారం దినాలు గదే ఎక్కిచ్చిన్రు. నేను నోరు తెరువలే.”