బిళ్ళగన్నేరుకు నీళ్ళు

వేసవి ముంగిట్లో పెరటి బిళ్ళగన్నేరు విరగబూసింది. చూడవచ్చిన అక్క, నీళ్ళు పోస్తున్న చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"పొద్దున్నేగా పోశావు? రాతిమీద కూడా బతికే మొక్కే ఇది. ఇన్ని నీళ్ళకు వేళ్ళు కుళ్ళిపోతాయి."

"మెల్లగా, అక్కా. మా అత్తయ్య కిటికీ పక్కనే ఉన్నారు. రోజుకు మూడుసార్లు తడపాలని ఆవిడతో చెప్పాను."

"ఎందుకే?"

"నీళ్ళు పోయడానికి తప్ప నన్ను గడప దాటనివ్వరు. ఈ పెరడే నాకు షికారు."

అక్క కిటికీ వైపు తిరిగి గొంతు పెంచింది.

"పిన్నిగారూ, మీ పూలు మహా సుకుమారమండీ. గంటగంటకూ తడపకపోతే వాడిపోతాయి."

కిటికీ తలుపు తెరుచుకుంది.

"అంత చాకిరీనా తల్లీ? కోడల్ని ఎండలో మాడ్చానన్న మాట నాకొద్దు. రేపటినుంచి తోటమాలిని పెట్టిస్తాను. అమ్మాయీ, ఇక నువ్వు హాయిగా లోపలే ఉండు."