రేకుకి అవతల

విస్కాన్సిన్‌లో ఒక ఇంటి గ్యారేజీ. చలికాలం, మధ్యాహ్నం. పెట్టెల్లో ముక్కలుగా వచ్చి, సగం విమానమై ఆగిపోయిన రెండు సీట్ల బండి. దాని తోక గొట్టం లోపల కూతురు కొరిన్ పడుకుని ఉంది. బయట, రేకుల్ని కలిపి బిగించే రివెట్ గన్ పట్టుకుని తల్లి ఆర్డిస్.

"కొట్టనా?"

"ఆగమ్మా, ఆగు. ఈ ఇనప దిమ్మ జారుతోంది. నాకు మెడ పట్టేసింది."

"మీ నాన్న ఇందులో దూరి పూటలకి పూటలు ఉండేవాడు. నీకప్పుడే మెడ పట్టేసిందా?"

"నాన్నకి అలవాటు. బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని తెచ్చి ఇందులో దూర్చావు."

"మాటలు తర్వాత. దిమ్మని రివెట్ కాడకి ఆనించు. నేను ఇటు కొడితే అది అటు నలిగి బొత్తాంలా అణగాలి. ఆనించావా?"

"ఆనించాను."

"చెవులకి మూతలు పెట్టుకున్నాక నువ్వు అరిచినా నాకు వినపడదు. రేకు మీద వేలి కణుపుతో కొట్టు. నా చెయ్యి ఇటు రేకు మీదే ఉంటుంది, తెలుస్తుంది. ఒకటి కొడితే బాగా కూచుందని. రెండు కొడితే చాల్లేదు, ఇంకా కానివ్వమని."

"మూడైతే?"

"మూడెందుకులే."

"ఎందుకులే ఏంటి? చెడిపోతేనో?"

"చెడిపోదు. మూతలు పెట్టుకో. కొడుతున్నా."

"టక్."

"మూతలు తియ్యి. ఒకటి కొట్టావు. బాగా వచ్చింది కదూ?"

"వచ్చింది. చిన్నప్పుడు శుక్రవారం వస్తే ఊరంతా చేపల వేపుడుకి పోయేది, మీరిద్దరూ ఇక్కడ టకటకలాడించేవాళ్లు. నేను దిండు కింద తల పెట్టుకునేదాన్ని. ఇదేదో భాష అని నాకేం తెలుసు?"

"మాకూ అదొక్కటే భాష మిగిలింది అప్పట్లో. తర్వాతది కానీ."

"అమ్మా, ఇప్పుడిదెందుకు? ఇంట్లో నాన్న గొంతులో గొట్టంతో, ఆ యంత్రం ఊపిరి పోస్తుంటే."

"నర్సు ఉందిగా."

"నర్సు సంగతి కాదు. రేపు డాక్టరు వస్తాడు. గొట్టం ఉంచాలా, తియ్యాలా అని అడుగుతాడు."

"అడగడానికేముంది. ఉంచమని చెప్పేశాను."

"నువ్వు చెప్పావు. నాన్న మాటేంటి?"

"నాన్నకి నోరుందా?"

"నోరూ లేదు, రెప్ప కూడా కదలదు. ఆ చెయ్యొక్కటే మంచం ఊచకి కొట్టుకుంటూ ఉంటుంది. పక్షవాతం వచ్చాక నరాలు వాటంతటవే అలా లాగుతాయట."

"అన్నాడు డాక్టరు. దిమ్మ ఆనించు, కొరీ."

"ఆనించాను. కొట్టు."

"ఏమైంది? ఏం కొట్టలేదేం?"

"దిమ్మ పక్కకి పోయింది. రివెట్ వంగిపోయింది. ఇప్పుడెన్ని కొట్టాలి?"

"చూడు సరిగ్గా. రెండు కొట్టు, ఇంకో దెబ్బ వేస్తా."

"పడుకుని చూస్తున్నది నేను కదా. వంగిందంటున్నాను. చెప్పు, ఎన్ని?"

"మూడు కొట్టు."

"మూడంటే?"

"ఇది పనికిరాదు, తీసెయ్ అని. డ్రిల్లు పెట్టి తీసేస్తాం. మీ నాన్న నాతో ఎన్ని తీయించాడో. లోపల ఎవరు చూడొచ్చారయ్యా అంటే, ఎగిరేది మనిద్దరమేగా అనేవాడు."

"ఎప్పుడూ లోపల ఉండేది నాన్నేనా?"

"నాకు ఇరుకంటే భయం."

"అంటే నాన్న కొట్టేవాడు, నువ్వు వినేదానివి."

"డ్రిల్లు ఎక్కడ పెట్టానో. ఆ బల్ల మీదే ఉండాలే."

"అమ్మా."

"తల దించు. రజను కళ్లలో పడుతుంది."

"డ్రిల్లు వదిలెయ్. మంచం ఊచ మీద నాన్న ఎన్ని కొడతాడు?"

"నేను చూడలేదు."

"పొద్దస్తమానం ఆ కుర్చీలో కూచునేది నువ్వే."

"రెండు. రెండే కొడతాడు. చాల్లేదు, ఇంకా కానివ్వమని. అందుకే ఉంచమన్నాను. చాలా?"

"నేనున్నప్పుడు రెండు కాదు."

"వణుకుకి లెక్కేంటే?"

"వణుకైతే మూడు కొట్టి ఆగదు. మూడు, ఆగడం. మళ్లీ మూడు. నిన్నంతా అంతే. అలిసిపోతున్నాడు పాపం అని ఆ చెయ్యి నా రెండు చేతుల్లో గట్టిగా పట్టుకున్నాను. ఆగేదాకా పట్టుకున్నాను. నాన్న మాట్లాడుతుంటే నోరు నొక్కాను కదమ్మా నేను."

"నీకు తెలీదుగా."

"నీకు తెలుసు."

"ఏడవకు. ఇరుకులో ఏడిస్తే ఊపిరాడదు. బయటికి రా."

"రాను. ఆ ఊచకి తువ్వాలు చుట్టిందెవరు?"

"నేనే. కణుపు చెక్కుకుపోయి రక్తం వస్తోంది. నర్సుని అడుగు."

"రక్తం వస్తోందనేనా?"

"నర్సుని అడగమంటున్నానుగా."

"అందుకేనా అమ్మా?"

"రక్తం వచ్చిన మాట నిజం. నేను ఆ గదిలో ఉండలేకపోయిన మాటా నిజం. ఇంటికి తెచ్చిన రోజు నుంచీ అదే. వంటింట్లో ఉన్నా వినపడుతుంది, స్నానానికి పోయినా వినపడుతుంది. ముప్ఫై ఏళ్లు ఈ రివెట్లు నాచేత కొట్టించి, ఇప్పుడేమో తీసెయ్ అంటాడు. నేనెలా తియ్యనే?"

"రేపు డాక్టరు అడిగితే?"

"రెండని చెబుతాను."

"నాకిప్పుడు తెలుసు కదా. నేనూరుకుంటానా?"

"ఊరుకోకు. పొద్దున ఆ తువ్వాలు తీసేశాను. నా ఒక్కదానికే తెలిస్తే చచ్చేదాకా రెండనే చెబుతాను కొరీ. అందుకే నీకు నేర్పాను."