నాంచారమ్మ చేను, గురవయ్య మాట

నాంచారమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు పోయాడు గానీ నోరు పోలేదు. ఆమెకున్నదల్లా వాగు పక్కన ఒక జొన్నచేను. అది పండితేనే యేడాదంతా సంగటి, లేకపోతే ఎవరింటి ముందో చెయ్యి చాపాలి. కంకి పాలు పోసుకునే యాళకి పిట్టలు దిగుతాయి గదా, కాపలాకి వరసకి అల్లుడయ్యే గురవయ్యని పెట్టుకుంది. ఆకూ వక్కా చేతిలో పెట్టి, కోతలయ్యేదాకా చేలో పిట్టన్నది వాలకూడదు, రోజూ సంగటి మంచె కాడికే తెస్తా, కల్లంలో కంకుల మోపు నీకిస్తా అంది. సరే అత్తా అన్నాడు. మంచెక్కాడు, వడిసెలతో రాళ్ళు విసిరాడు. నాలుగు రోజులు బానే జరిగిందనుకో.

ఆ తర్వాత ఏమైందంటే, ఒకరోజు ఆమె సంగటి తీసుకుని పోతే చేనంతా పిచ్చికలే, ఈయన మంచె మీద కాళ్ళూపుకుంటా కూచున్నాడంట. ఏరా అల్లుడా, అయ్యి పిట్టలు కావా అంటే, పిట్టలే అత్తా, కానీ నేను మాట మార్చా, నిన్నటినించి నా కాపలా చిలకలకే, పిచ్చికలకి ఇంకో మోపవుద్ది అన్నాడు. మార్చానని ఎవరికి చెప్పావురా అంది. మంచె మీద నిలబడి గట్టిగానే చెప్పా, ఎవరూ కాదన్లేదు, కాదననోళ్ళు ఒప్పుకున్నట్టే అన్నాడు. అప్పుడు చేలో ఎవరున్నారు? పిచ్చికలున్నయ్యి! విన్నారా ఆడి తెలివి? పైగా, నచ్చకపోతే చెప్పు, ఇప్పుడే దిగిపోతా అన్నాడు. కంకి గట్టిపడే యాళప్పుడు ఇంకో మనిషిని యాణ్ణించి తెస్తది? నవ్వబాకండి, ఆమెకి ఏడుపొచ్చింది పాపం. సరేలే అని పోయింది. మర్నాడు ఇంకో మాట మార్చాడు. చిలకలైనా గుంపుగా వస్తేనే తోలతాడంట, ఒంటి చిలక తన కిందికి రాదంట.

ఆమె మాత్రం ఎప్పట్లాగే సంగటి తెచ్చింది. ఆ రోజు సంగటిలోకి గోంగూర పచ్చడి, పైన చిక్కటి మజ్జిగ. తిన్నాడు, మంచె మీదే గుర్రు పెట్టాడు. లేచి చూస్తే నిచ్చెన లేదు! దూకుదామంటే కింద చుట్టూ రేగికంప. అత్తా, నిచ్చెనేది అని కేకేశాడు. ఆమె గట్టు మీద కూచుని, మాట మార్చా అల్లుడా, ఇకనించి నిచ్చెన ఎక్కడానికే, దిగడానికి కాదు అంది. ఎప్పుడు చెప్పావు? ఇందాకే, నీ కిందే నిలబడి చెప్పా, నువ్వు కాదన్లా, గుర్రు పెట్టావు. ఆడికి ఒళ్ళు మండింది. నిద్రపోయేవాడికి చెప్పడమేంది, ఇద్దరం ఆకూ వక్కా పట్టుకున్నాక నువ్వొక్కదానివే ఎట్టా మారుస్తావు, ఇదేం న్యాయం అని అరిచాడంట. ఆ అరుపుకి పిచ్చికలన్నీ లేచిపోయినయ్యి. అదేరా అబ్బాయా, ఆ ముక్కే మళ్ళీ అను అంది నాంచారమ్మ. పొద్దుగూకేదాకా పైనే ఉండి, చేసే పనేముంది, చిలకల్నీ పిచ్చికల్నీ అన్నిటినీ తోలాడు. పాత మాటే మాట అని ఒప్పుకున్నాక నిచ్చెన వేసింది. ఆ యేడు ఆమె గాదె నిండింది, గురవయ్య మోపు గురవయ్యకిచ్చింది, ఒక్క కంకి తగ్గించలా.

ఇప్పుడు సెల్లు కంపెనీలోళ్ళు లేరా? డబ్బులు కట్టించుకునేటప్పుడు ఒక మాట, నెల తిరక్కముందే ఇంకో మాట. ఇదేందమ్మా అని ఫోన్ చేస్తే, మెసేజీ పెట్టాం సార్, మీరు కాదన్లేదుగా అంటది అందులో పిల్ల, ఎంత మర్యాదగానో. నిచ్చెన తీద్దామంటే, ఆళ్ళు కూచున్న మంచె ఎక్కడుందో మాత్రం చెప్పదే!