ఎత్తు ఎక్కని కారు

ఇంటి ముందు కారు బానెట్ తెరిచి అల్లుడు లోపలికి వంగాడు. అత్తగారు టార్చి పట్టుకుని నిలబడింది.

“ఎయిర్ ఫిల్టరు ఎక్కడుంటుందో తెలుసా, అల్లుడుగారూ?”

“కిందటేడు మార్చింది నేనే కదా అత్తయ్యా. ఇదిగో, ఈ నల్ల డబ్బాలో. క్లిప్పులు తీస్తే చాలు.”

“తీశారుగా. దుమ్ము పట్టిందా?”

“మడతల్లో దుమ్మే లేదు. కొత్తదానిలా మెరుస్తోంది.”

“మెరవక ఏం చేస్తుంది? ప్లాస్టిక్ కవరు విప్పకుండానే పెట్టారు. ఇంజనుకి ఊపిరెలా ఆడుతుంది?”

“పక్కన కాస్త చిరిగిందిలెండి. ఆ సందులోంచే లాక్కొచ్చింది పాపం.”

“మరి ఎత్తు వచ్చినప్పుడల్లా బరువెక్కువైందని నన్ను దింపి నడిపించారే?”

“కవరు తీసి బిగించేశాను. ఎక్కండి, ఓసారి తిరిగొద్దాం.”

“తాళాలు ఇలా ఇవ్వండి, నేను నడుపుతాను. ఎత్తు దగ్గర మీరు దిగి నడుద్దురుగాని.”