ఆబిదా చెప్పిన చైనా కథ

అది కాదండీ, అసలు ఆ చైనావాడి సంగతి మీకు తెలుసా అని అడుగుతున్నాను. తెలీదు. ఎలా తెలుస్తుంది, ఎప్పుడు చూసినా ఆ పేపరు వెనకాలే ఉంటారు కదా. పేపరు దించక్కర్లేదులెండి, వింటే చాలు. రేపు నన్నూ మీ కూతురు ధాత్రినీ ఇండియా విమానం ఎక్కించేస్తున్నారు. ఈ ఒక్కపూట పెళ్ళాం సోది వింటే కొంపలేం మునగవు.

వాడొక వైద్యుడు. కొండల్లో మూలికలు ఏరుకుంటూ ఉంటాడు. వాడి పెళ్ళాం కొంగ. నవ్వకండి, నిజంగానే కొంగ. దేవలోకంలో ఉండే తెల్లకొంగ, వీడి మీద మనసుపడి ఆడదై వచ్చింది. వీడికోసం రెక్కలు వదిలేసుకుంది. నేనూ కాకినాడలో బళ్ళో ఉద్యోగం వదిలేసుకుని ఈ దోహా వచ్చానులెండి, నామీద ఎవరూ సీరియలు తియ్యలేదు.

వాడు రోజూ ఆవిడ జడ తనే దువ్వుతాడు. ఆవిడకి దాహమేస్తే వెదురుచెట్ల చివర్ల మీద నడిచి వెళ్ళి తామరాకులో నీళ్ళు తెస్తాడు. మన హాల్లోంచి వంటింటికి మధ్యలో ఎన్ని వెదురుచెట్లు అడ్డం ఉన్నాయండీ? మీరు పొద్దున టీ తాగిన గ్లాసు ఇంకా టీవీ మీదే ఉంది.

ఎక్కడ చూశానంటారా? మనింట్లోనే. మీరు డ్యూటీలో ఉండగా. వీడియో షాపువాడు తెలుగు క్యాసెట్లు అయిపోయాయని ఈ చైనా సీరియలు అంటగట్టాడు. మాటలన్నీ చైనావి, కింద అరబ్బీ అక్షరాలు. అయితేనేం, పై ఫ్లాటులో ఆబిదా ఉందిగా. హైదరాబాదు పిల్ల, అరబ్బీ గడగడా చదివేస్తుంది. మధ్యాహ్నం పనులవగానే బిల్డింగులో తెలుగు ఆడవాళ్ళమంతా మన హాల్లో చేరేవాళ్ళం. భానుమతిగారు పకోడీలు తెచ్చేవారు. ఆబిదా ఆ అక్షరాల మీద చూపు పెట్టి కథ చెబుతుంటే, నోట్లో పెట్టుకున్న పకోడీ నమలడం కూడా మర్చిపోయేవాళ్ళం.

మొన్న ఆఖరి క్యాసెట్టు. దేవలోకం నుంచి సైన్యం దిగింది, కొంగ తిరిగి రావలసిందేనని. వైద్యుడు ఒంటరిగా స్వర్గం గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడేమన్నాడో ఆబిదా చెప్పింది, ఆమె మాటల్లోనే చెబుతాను. "ఆమె లేని ఇంటికి తలుపెందుకు? కావాల్నంటె తలుపు మీరుంచుకోండ్రి, నా మనిషిని నాకియ్యుండ్రి."

భానుమతిగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నేనా? నేనెందుకు ఏడుస్తాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను, అంతే.

సరిగ్గా అప్పుడే కింద ఫ్లాటు సుర్రయ్యా వచ్చింది, పాలస్తీనా టీచరమ్మ, మన గిన్నె తిరిగిచ్చి పోదామని. నిలబడి కాసేపు చూసి ఆవిడా కళ్ళు తుడుచుకుంది. 'పాపం, ఎంత ప్రేమ ఉంటే తన చేతులతో పంపించేశాడో' అంది ఇంగ్లీషులో. పంపించడమేంటమ్మా, వెనక్కి తెచ్చుకున్నాడు కదా అన్నాను నేను. ఆవిడ నాకేసి వింతగా చూసింది. క్యాసెట్టు వెనక్కి తిప్పించి మళ్ళీ వేయించి, ఒక్కో అక్షరం చదివి అర్థం చెప్పింది.

వాడు తెచ్చుకోలేదండీ. ఆ సైన్యాన్ని పిలిపించిందే వాడు. ఈ లోకంలో తిండి నీకు పడదు, గాలి పడదు, అక్కడైతే సుఖంగా ఉంటావు, నీ మంచికే అన్నాట్ట. నీ మంచికే. ఈ ముక్క ఎక్కడో విన్నట్టుంది కదూ? నేనైతే ఈ నెలంతా అన్నంతోపాటు అదే తింటున్నాను. ఎండ నీకు పడదు, ధాత్రి చదువు సాగదు, మీ అమ్మ దగ్గరైతే సుఖంగా ఉంటావు, నీ మంచికే సునందా.

ప్రేమే. కాదని ఎవరన్నారు? ఆవిణ్ణి ఒక్కమాట అడిగాడా అంటున్నాను. నువ్వు ఉంటావా పోతావా అని ఒక్కమాట.

ఆబిదానా? అందరూ వెళ్ళాక వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగాను, ఏమ్మా నీకు అరబ్బీ వచ్చు కదా అని. తల దించుకుంది. "చదువొస్తది గానీ మతలబ్ తెల్వదక్కా. చిన్నప్పుడు ఖురాను చదివిచ్చిన్రు, అర్థం ఎవలు చెప్పలే. మొదటిరోజు మీరందరు నా మొఖమే చూస్తుంటే కాదనబుద్ధి కాలే." అరబ్బీ చదివేవాళ్ళందరికీ అరబ్బీ వచ్చేస్తుందనుకున్నాం మేము, ఎంత చదువుకున్నాళ్ళమో చూడండి. సంస్కృతం శ్లోకాలు గడగడా అప్పజెబుతానే, ఒక్కదానికైనా నాకు అర్థం తెలుసా?

మరి ఆ తలుపు మాట ఎక్కడిదే అన్నాను. గిన్నె తోముతూ చెప్పుకొచ్చింది. వాళ్ళాయన అహ్మద్ అలీ పనిచేసేది మదీనత్ అల్ షమాల్లో. కారులో గంటన్నర దారి. అక్కడ నీకు బాగోదు, నీ మంచికే అని ఆ పిల్లని మన ఈ ముంతజా పేటలో పెట్టాడు. ముందు ప్రతి గురువారం వచ్చేవాడు. తర్వాత నెలకోసారి. ఇప్పుడు ఫోను. "అక్కడ ఇండ్లున్నయక్కా, కిరాయికిస్తరు. నన్ను తీస్కపో అని అడుగుదామంటె నాకే నోరు రాలే" అంది. నోరు రాక, ఆ మాటలన్నీ తీసుకెళ్ళి చైనావాడి నోట్లో పెట్టింది. మొగుడి నోట వినాలని ఉన్నవన్నీ వాడిచేత అనిపించింది. మేము పకోడీలు తింటూ విన్నాం.

మిమ్మల్నీ కంపెనీ వేసింది ఆ షమాల్ సైటుకే కదండీ. అక్కడ ఫ్యామిలీలు ఉండటానికి వీల్లేదు అన్నారు నాతో. ఇళ్ళున్నాయిట. తెలుసా మీకు? తెలుసన్నమాట.

సరే, ఆబిదాకి నోరు రాలేదు. నాకు వచ్చు, మీరు రోజూ దెప్పుతూనే ఉంటారుగా. అడుగుతున్నాను వినండి. నేను పోను. మాకు సముద్రపు గాలి కొత్తా, ఎండ కొత్తా? ధాత్రికి అక్షరాలు నేను నేర్పుతాను, అదే కదా నా ఉద్యోగం. ఒక్క గది చాలు. ఏసీ లేకపోతే తడిగుడ్డ కట్టుకుంటాం. మీ గురక వినపడకపోతే నాకు నిద్ర పట్టదు. మీరంటే నాకిష్టం, మిమ్మల్ని వదిలి ఉండలేను. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఇప్పుడు పేపరు దించండి.

దించారు, సంతోషం. చెప్పండి. ఉండు అనండి. రెండక్షరాలు. వెదురుచెట్లు ఎక్కమనలేదు, స్వర్గానికి వెళ్ళమనలేదు.

ఏంటి, గడియారం చూస్తున్నారు? సామాను తూకం వేయించాలా?

పదండి, వేయిద్దాం. ఆబిదాని కిందికి పిలవాల్సింది. మీ మొహం చూసి, మీ తరఫున ఓ మంచిమాట ఏదో చెప్పేది. నేను నమ్మేదాన్ని కూడా.