అంగట్ల పెట్టిన శోకం

కోపమొస్తే లేచొచ్చి కోప్పడు, ఎవలొద్దన్నరు? నువ్వు పోయి మూడేండ్లాయె. నీ మగ్గం గుంతల కాళ్లు జారేసి కూసున్న, ఏం జేస్తవు? పొద్దంత కోస్గి అంగట్ల కూసొని నడుము వడిపోయింది.

ఆఁ, అంగట్లనే! నీ పెండ్లామే! నడిమిట్ల దుప్పటి పరుసుకొని!

ఎందుకంటవా? మనూరికి ఆడపిల్లల బడి కోసం. తాలూకా నుంచొచ్చిన సారు ఏమన్నడో ఎరికేనా? 'నూరుమంది ఆడోళ్ల వేలిముద్రలు తేవమ్మా, పంతులమ్మను పంపుతం. నెలాఖరు దాటితే ఆమె ఇంకో ఊరికి పోతది' అన్నడు. నెలాఖరంటే రేపే. అంగడికి పోయేటప్పటికి నా కాయితం మీద ఎన్నుండెనంటవు? నాలుగు. అండ్ల ఒకటి మీ అవ్వది. ఏలు ఎక్కడ వెట్టిందో గామెకే కానరాదు.

పొద్దుగాల నుంచి పిలిచిన. 'అక్కా, జర ఆగు' అంటే ఒకామె నన్ను గాజులమ్మేదాన్ననుకున్నది. 'మొగడు లేనిదానివి గాజులమ్ముతవానే?' అని తిట్టిపోయింది. సారిచ్చిన పుస్తకం తీసి పెద్దగ చదివిన. మొగోళ్లు మూగిండ్రు. బడి కోసమా? ఆడిది చదువుతాందట, సూద్దాం రాండ్రని! రెండు తలకాయల దూడను సూసినట్టు సూసి పోయిండ్రు.

అప్పుడొచ్చింది తెలివి. మన ఆడోళ్లు దేనికి ఆగుతరు? ఏడుపుకు. తొవ్వల ఎవలు శోకం పెట్టినా గంప దించుతరు, మెడ మీద పడతరు, తమ ఏడుపు గూడ ఏడ్సి పోతరు. ఇగ నేను కొంగు అడ్డం పెట్టుకొని అందుకున్న: 'ఎట్ల పోతివయ్యో...'

ఎవలికోసమంటవా? సచ్చినోనివి నాకు నువ్వొక్కనివే ఉంటివి.

జరసేపట్ల ముప్పై గంపలు దిగినయి. మిరపకాయలమ్మే నర్సింగమ్మ నా మెడ పట్టుకొని నాకంటె ఎక్కువ ఏడ్సింది. తేరుకొని 'ఎప్పుడు పోయిండు బిడ్డా?' అన్నది.

'మూడేండ్లాయెనమ్మా.'

'మరి గిప్పుడేడుస్తానవేందే?'

'అప్పుడు పురుసత్ లేకుండె.'

అబద్ధమా? నువ్వు పోయిననాడు నా కంట సుక్క రాలేదని వాడకట్టంత నన్ను బండరాయి అనలేదా?

కానీ శోకమంటే మొగని మంచి చెప్పుకోవాలె. ఏం జెప్పాలె నీ మంచి? కల్లు తాగి గురక పెడుతుంటివని రాగం తియ్యాల్నా? నేను చదువుకుంటుంటే 'తాసిల్దారువైతవానే?' అని ఎక్కిరిస్తుంటివని ఏడ్వాల్నా? ఎతికిన. ఎతికి ఎతికి, బెల్లం పొట్లం యాదికొచ్చింది. ఇంట్ల పుస్తకమెక్కడిది, పొట్లాల కాయితాలే నా సదువు. ఊరి మొగోళ్లందరు పొట్లం చింపుతరు. నువ్వు బెల్లాన్ని తువ్వాలల కట్టుకొని, కాయితం నలగకుండ మడిచి తెస్తుంటివి. తువ్వాల నిండ చీమలు. ఒక్కనాడన్న నోరు తెరిచి చెప్పినవా?

గంతే. రాగం వోయింది. బడి ముచ్చట చెప్పాలె, నోరు పెగిల్తే గద! 'బొడ్డుకాడ గా కాయితమేందే?' అని నర్సింగమ్మే గుంజింది. వెక్కుకుంట వెక్కుకుంట చెప్పిన. ఆమెకు ఏం సమజయిందో ఏమో, అంగడంత ఇనపడేటట్టు కేకేసింది: 'సచ్చిన మొగని పేరు మీద బడి పెట్టిపిస్తదట, ఏలు పెట్టుండ్రే!'

నీ పేరు మీద! తాసిల్దారువైతవా అన్నోని పేరు మీద!

మునిమాపుకు నూటపన్నెండు ముద్రలు.

కాదని చెప్పకపోయినవా అంటవా? చెప్పలేదు. చెప్పబుద్ధి కాలేదు.

ఏంది, మురుస్తానవా? మురువకు. నేను బడి కోసమే ఏడ్సిన.

మొదలువెట్టినప్పుడైతే.